ఇనుముకీ ఇనుముకీ మధ్య

మా తోడికోడలి గురించి మంచి మాట చెప్పమంటే ఒకప్పుడు నాకు నోరు పెగిలేది కాదు. ఇప్పుడు ఆవిడని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, కొంగు బిగించి పోట్లాటకి వెళ్తాను. ఇంత మార్పు ఎలా వచ్చిందో చెప్తాను. మధ్యలో అడ్డు తగిలితే మాత్రం ఊరుకోను, ముందే చెప్తున్నా.

ఆవిడ మా బావగారి భార్య. యాభై దాటాయి. మేం ముగ్గురం, అంటే ఆవిడా, నేనూ, మా ఆయనా ఒకే పంపుల కంపెనీలో పని చేస్తాం. నేను ప్యాకింగ్‌లో, మా ఆయన పంపులకి నీళ్ళు కారకుండా రబ్బరు సీళ్ళు బిగించే బల్ల దగ్గర, ఆవిడ కరెంటు పనిలో. కంపెనీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ మీటరమ్మే. భుజాన వేలాడే సంచీలో దువ్వెన ఉన్నా లేకపోయినా, వోల్టులు కొలిచే మీటరు మాత్రం ఉండి తీరాలి. పెళ్ళిరోజుకి చీర కొంటానని బావగారు ముచ్చటపడితే, చీర వద్దు, మంచి మీటరు కొనిపెట్టమన్న మనిషి. బావగారు బస్సు నడుపుతారు, మాటకారి. "నేను చేసుకుంది పెళ్ళాన్నా, నర్సునా? ఇంట్లో ప్రతిదానికీ నాడి చూస్తుంది" అంటారు.

పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మోటార్లకి తీగ చుట్టే పనికి పందొమ్మిదో ఏట చేరిందట. తీగ చుట్టే వాళ్ళు తీగ చుట్టి ఇంటికి పోతారు. ఈవిడ అలా కాదు, ఈ తీగ ఇక్కడే ఎందుకు ఆగింది, అటు ఎందుకు పోలేదు అని పక్కవాళ్ళని పీక్కు తినేది. ఆ ప్రశ్నలు పడలేక అప్పటి పెద్ద ఎలక్ట్రీషియన్ ఆవిడని తన దగ్గరికి లాక్కున్నాడు. ఆయన ఇప్పటికీ ఉన్నాడు, మా అందరికీ లారీ బాబాయ్. ఈ కంపెనీకి రాకముందు ఇరవై ఏళ్ళు లారీల వైరింగు చేశాడు. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచీ మీటరమ్మకి అన్నీ ఆయనే నేర్పాడు. ఆవిడకి ఆయన మాట అంటే మాటే.

ఆవిడతో నాకు పడకపోవడానికి కారణం నా ఇస్త్రీపెట్టె. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి దాన్ని ముట్టుకుంది, చేతికి చురుక్కుమందట. సంచీలోంచి మీటరు తీసింది, అటు పెట్టింది, ఇటు పెట్టింది, వంటింట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చి మా అమ్మ, మా చెల్లెళ్ళ ముందు ప్లగ్గు కసుక్కున కత్తిరించి పారేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఇంటికొచ్చి మా వస్తువు కత్తిరించే అధికారం నీకెవరిచ్చారక్కా?" అన్నాను. "రెండు రోజులాగితే నీకు కర్మ చేసే అధికారం నాకొచ్చేది, అది నాకొద్దు" అంది. ఆ మాట మామూలుగా, టీ తాగుతూ అంది. అంతే, ఏడాది పాటు మా ఇద్దరికీ మాటల్లేవు. కంపెనీ గేటు దగ్గర ఎదురుపడితే నేను ఆకాశం చూసేదాన్ని. ఆవిడేమో కరెంటు స్తంభం చూసేది, దానికి వేరే కారణం ఉండేదనుకోండి.

ఇక అసలు సంగతికొస్తాను. మా కంపెనీవి ఇరవై నాలుగు వోల్టుల నీళ్ళ పంపులు. పడవల్లోనూ, ట్యాంకరు బళ్ళలోనూ పెడతారు. తయారైన ప్రతి పంపూ పరీక్ష బల్ల ఎక్కాలి. ఆ బల్ల పొడవాటి ఇనుప చట్రం, దాని మీద వరసగా ఎనిమిది గూళ్ళు. గూట్లో పంపు పెట్టి నడిపిస్తే నీళ్ళు ఎంత ఒత్తిడితో వస్తున్నాయో అక్కడున్న సెన్సర్ చూసి, ఆ లెక్కని వోల్టుల్లో చెప్తుంది. ఆ వోల్టుల్ని కంప్యూటర్లో ఉన్న ఒక కార్డు చదివి తెర మీద అంకె వేస్తుంది. మూడు పాయింట్ ఏడు దాటితే పచ్చ. తగ్గితే ఎరుపు. ఎరుపొచ్చిన పంపు మీద బిగించినవాళ్ళ నంబరు చీటీ అంటించి ఎర్రపెట్టెలో పడేస్తారు. మా ఆయన నంబరు పదిహేడు.

ఇరవై రెండేళ్ళుగా పదిహేడు నంబరు చీటీ ఎర్రపెట్టెలో పడడం నెలకి ఒకటో రెండో. అలాంటిది ఉన్నట్టుండి మూడు వారాల్లో నలభై ఆరు. రెండో బల్ల మీద సీళ్ళు బిగించే ఆవిడవి మాత్రం రెండంటే రెండు. రబ్బరూ అదే, నీళ్ళూ అవే. మరి తేడా ఎక్కడుంది? చేతుల్లో ఉందన్నారు. మా ఆయనకి పొద్దున పూట కుడిచేయి కొంచెం వణుకుతుంది. టీ గ్లాసు పట్టుకుంటే తెలుస్తుంది గానీ, సీలు పట్టుకుంటే తెలీదు. ఈ మాట నేను చెప్తే ఎవరు నమ్ముతారు, పెళ్ళాన్ని కదా!

కార్డు అమ్మిన వాళ్ళ తరఫున ఒక ఇంజినీరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఒక చిన్న బ్యాటరీ తెచ్చి కార్డుకి తగిలించాడు, బ్యాటరీ ఎంతుందో తెర మీద అంతే వచ్చింది. "కార్డు మంచిదే" అన్నాడు. పంపులన్నీ ఆపించి, ఒకే ఒక పంపు నడిపించి చూశాడు, సరిగ్గానే వచ్చింది. "సెన్సరూ మంచిదే" అన్నాడు. పోనీ ఎర్రపెట్టెలో పడేసిన పంపుని ఒంటరిగా నడిపితే పచ్చ వస్తోంది కదా అంటే, "రెండోసారికి సీలు తడిసి సర్దుకుంటుంది, మొదటిసారి సరిగ్గా కూర్చోబెట్టలేదని అర్థం" అన్నాడు. మా ఆయన నోరు తెరిచి, "యంత్రంలోనే ఏదో ఉందేమో సార్" అనబోయేసరికి, "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని నవ్వాడు. మేనేజరూ నవ్వాడు. నేను అక్కడే టేపు అంటిస్తున్నాను. ఆ టేపు ఇంజినీరు నోటికి అంటించాలనిపించింది.

గురువారం మధ్యాహ్నం మేనేజరు మా ఆయన్ని పిలిచి, సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చోమన్నాడు. వచ్చే లారీల నంబర్లు రాసుకోవాలి, అంతే పని. "జీతం తగ్గదు, విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు పైగా. గోరుచుట్టు మీద రోకటిపోటు! ఇరవై రెండేళ్ళు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆ బల్ల మీద ఆయన మోచేతులు ఆనేచోట రంగు పోయి చెక్క నున్నబడింది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, "నిజంగానే ఇది నాకు తెలీకుండా తప్పు చేస్తోందంటావా?" అని నన్నడిగాడు. గేటుకి పంపిస్తామన్నందుకు నాకు అంత ఏడుపు రాలేదు గానీ, తన చేతిని తానే నమ్మలేకపోతున్నాడని గుండె కలుక్కుమంది.

చెప్పులేసుకుని బయల్దేరాను. ఎక్కడికని అడిగాడు. "మీ వదిన దగ్గరికి" అన్నాను. "మాటల్లేవు కదా?" అన్నాడు. "ఇప్పుడొస్తాయి" అన్నాను.

ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని ఎవరిదో రేడియో విప్పి పెట్టుకుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమని చాప చూపించింది. నేను కూర్చోకుండానే మొత్తం కక్కేశాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. ఆవిడ చివరిదాకా విని, "మరిది నంబరు చీటీలు పడ్డ పంపులు ఏ గూట్లో పెట్టినవి?" అంది.

"అదేం ప్రశ్నక్కా! ఆయన కొంప మునుగుతుంటే గూళ్ళ లెక్క అడుగుతావేంటి?"

"ఏడవడం తర్వాత కూడా కుదురుతుంది. ఏ గూడు?"

ఆలోచించాను. మా ఆయన బల్ల హాల్లో ఈ చివర, పరీక్ష బల్ల మొదటి గూటి పక్కనే. ఆయన పంపులు దొర్లుకుంటూ వచ్చి ఒకటి, రెండు, మూడు, నాలుగు గూళ్ళలో పడతాయి. రెండో బల్లావిడ ఆ చివర, కంప్యూటర్ వైపు. ఆవిడవి అయిదు నుంచి ఎనిమిది దాకా. అదే చెప్పాను. మీటరమ్మ చేతిలో రేడియో పక్కన పెట్టేసింది.

"ఇంజినీరు ఒక్కో పంపునీ ఒంటరిగా చూశాడన్నావు కదూ?"

"అవును."

"ఒంటరిగా ఉన్నప్పుడు అందరూ మంచోళ్ళేనే అమ్మాయ్. నలుగురిలో ఉన్నప్పుడు చూడాలి" అంది. లోపలికెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చింది. "రేపు చూద్దాం. ముందే ఏమీ అనుకోకు. మంచీ అనుకోకు, చెడూ అనుకోకు" అంది.

అనుకోవద్దంటే ఊరుకునే మనసా ఇది! పొద్దున్నే అందరికంటే ముందు కంపెనీలో ఉన్నాను.

శుక్రవారం పొద్దున ఎనిమిది గూళ్ళూ నిండాక మీటరమ్మ మేనేజర్నీ, ఇంకా ఊళ్ళోనే ఉన్న ఇంజినీర్నీ పిలిచింది. ఒకటో గూట్లో మా ఆయన బిగించిన పంపు ఉంది, ఎరుపు. ఎనిమిదో గూట్లో రెండో బల్లావిడది ఉంది, పచ్చ. "రెండూ మార్చండి" అంది. మార్చారు, ఎనిమిదీ మళ్ళీ నడిపారు. రెండో బల్లావిడ పంపు ఒకటో గూట్లో ఎర్రబడింది. మా ఆయన పంపు ఎనిమిదో గూట్లో పచ్చగా నవ్వింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. రెండో బల్లావిడ పాపం మంచిది, "చూశారా, నాకూ చేతులు వణుకుతున్నాయేమో!" అంది గట్టిగా.

మేనేజరు బుర్ర గోక్కుని, "ఒకసారికి ఏం తేలుతుంది? యాదృచ్ఛికం" అన్నాడు. ఇంజినీరు మాత్రం నవ్వడం మానేశాడు.

మీటరమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. పరీక్ష బల్ల కిందకి దూరి, ఒకటో గూటి సెన్సర్ దగ్గరే మీటరు పుల్లలు రెండూ ఆనించింది. "చదవండి" అని మీటరు పైకి చూపించింది. నాలుగు పాయింట్ సున్నా రెండు. అదే క్షణంలో కంప్యూటర్ తెర మీద ఎంతుందో చదవమంది. మూడు పాయింట్ ఆరు ఎనిమిది. సెన్సర్ చెప్పేదొకటి, కార్డుకి వినపడేదొకటి!

"సెన్సర్ మంచిదన్నావు, ఒప్పుకున్నా. కార్డు మంచిదన్నావు, ఒప్పుకున్నా" అంది ఇంజినీరుతో. "ఇద్దరూ మంచోళ్ళయితే మధ్యలో ఎవరో చాడీలు చెప్తున్నారు నాయనా."

ఆ పైన ఆవిడ చేసింది చూసి హాలంతా నవ్వింది. మీటరు పుల్ల ఒకటి ఒకటో గూటి సెన్సర్ మైనస్ తీగ బిగించిన బోల్టు మీద పెట్టింది. అది చట్రానికి బిగించిన బోల్టే. రెండో పుల్లకి పొడుగాటి తీగ తగిలించి, దాన్ని ఆ చివర కార్డు తాలూకు మైనస్ బిగించిన బోల్టు మీద పెట్టమని నన్ను పంపించింది. అదీ ఆ చట్రానికి బిగించినదే. అంటే ఒకే ఇనుప చట్రానికి ఈ చివరా ఆ చివరా కొలుస్తోంది.

లారీ బాబాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇనుముకీ ఇనుముకీ మధ్య ఏం కొలుస్తావే అమ్మాయ్? గంటె ఒక చివర పులుపు, ఇంకో చివర తీపి ఉంటుందా? సున్నా తప్ప ఇంకేం రాదు."

"రాకూడదు బాబాయ్. వస్తుందేమో చూద్దాం" అంది.

పంపులన్నీ ఆగి ఉన్నాయి, సున్నా. "ఒకటి నడపండి" అంది. చుక్క పక్కన అంకె కదిలింది. రెండు, మూడు, నాలుగు. ఒక్కో పంపు మొదలైనప్పుడల్లా అంకె పెరుగుతూనే ఉంది. ఎనిమిదోది అందుకునేసరికి పాయింట్ మూడు నాలుగు. నాలుగు పాయింట్ సున్నా రెండులోంచి అది తీసేస్తే ఎంత? నేను పదో తరగతి లెక్కల్లో ఒక్కసారి కూడా తప్పలేదు, టక్కున చెప్పాను. మూడు పాయింట్ ఆరు ఎనిమిది. తెర మీద ఉన్న అంకె అదే, అటూ ఇటూ ఒక్క చుక్క తేడా లేదు.

"అమ్మ దొంగా!" అన్నారు బావగారు. ఆయనకి ఆ రోజు సెలవు, పెళ్ళానికి టిఫిన్ బాక్సు ఇచ్చే వంకతో వచ్చి వాచ్‌మన్‌ని బుట్టలో వేసుకుని లోపలికొచ్చేశారు.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మీటరమ్మ మాత్రం బల్ల కిందే కూర్చుండిపోయింది. మొహం తెల్లబోయింది. నేను వంగి, "ఏమైందక్కా? దొరికింది కదా!" అన్నాను.

"దొరికింది" అంది. "కట్టింది నేనేనే."

నెల కిందట కంపెనీ చూడడానికి పెద్దవాళ్ళు ఎవరో వస్తున్నారని పరీక్ష బల్లకి రంగు వేయించారు. అప్పటిదాకా ప్రతి సెన్సర్ నుంచీ కార్డు దాకా రెండేసి తీగలు, జంటగా మెలిపెట్టి ఉండేవి. చూడ్డానికి పిచ్చుకగూడులా ఉందని లారీ బాబాయ్ చిరాకుపడ్డాడు. "సగం తీగలు దండగ, పీకెయ్. మైనస్ బాడీకి కొట్టు" అన్నాడు. లారీల్లో అంతే. ప్లస్ తీగ ఒక్కటే దీపం దాకా పోతుంది, తిరిగి రావడానికి లారీ ఇనుప ఒళ్ళే తీగ. మైనస్ బాడీకి, మైనస్ బాడీకి. ముప్పై ఏళ్ళుగా మా కంపెనీలో ఎలక్ట్రీషియన్లు చదువుకున్న మొదటి అక్షరం ఇదే. మీటరమ్మ మారు మాట్లాడకుండా ఎనిమిది జంటల్లోంచి ఎనిమిది మైనస్ తీగలు తీసేసి, సెన్సర్ల మైనస్‌లని ఎక్కడికక్కడ చట్రానికి బిగించేసింది. కార్డుకి కూడా ఒంటి తీగ పద్ధతిలో చదువుకోమని చెప్పాలి కదా, ఆ మార్పు ఫోన్లో అడిగితే ఈ ఇంజినీరే విడమరిచి చెప్పాడట. ఇప్పుడు గుర్తొచ్చి చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఆ చట్రం మీద మొదట్నుంచీ మోటార్ల మైనస్‌లు కూడా ఉన్నాయి. ఎనిమిది మోటార్ల కరెంటు ఆ ఇనుము గుండానే, ఒకటో గూటి పక్కనున్న కరెంటు పెట్టెకి వెనక్కి పోవాలి. అతుకులు, బోల్టులు, వాటి మధ్య కొత్తగా వేసిన రంగు. సందులో జాతర జనం తోసుకున్నట్టు, ఆ తోపులాటలో ఇనుము ఈ చివర ఆ చివరతో సమానంగా ఉండడం మానేసింది. సెన్సర్ నిజమే చెప్తోంది. కానీ అది నిలబడ్డ నేలే పాయింట్ మూడు నాలుగు కుంగిపోయి ఉంది. ఆ చివర కంప్యూటర్ పక్కనున్న గూళ్ళకి కుంగుడు లేదు, అందుకే రెండో బల్లావిడకి బాధ లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అంతా మా ఆయన చేతి మీద పడింది.

చెప్పొద్దూ, "కట్టింది నేనే" అన్న మాట వినగానే నాకు చర్రున కోపమొచ్చింది. నా మొగుడు మూడు వారాలుగా తన చేతిని తాను చూసుకుని భయపడుతుంటే, అది నీ పనా! నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ అప్పటికే బల్ల కిందనుంచి బయటకొచ్చి, చేతులు చీరకి తుడుచుకుని మా ఆయన ముందు నిలబడింది.

"మరిదీ, నీ చేతిలో తప్పు లేదు. తప్పు నా చేతిది. బాడీకి కట్టేటప్పుడు ఒక్కసారి కొలిచి ఉంటే తెలిసేది. బాబాయ్ చెప్పాడు కదా అని కొలవలేదు. జీవితంలో కొలవకుండా చేసింది ఇదొక్కటే. దానికి నువ్వు బలైపోయావు" అంది. అందరి ముందూ, మేనేజరు ముందూ అంది. మెల్లిగా కూడా అనలేదు.

తప్పు తన మీదకి వచ్చే దారి తానే వెతుక్కుంటూ వెళ్ళి, దొరికాక అరిచి చెప్పే మనిషిని నేనెక్కడా చూడలేదు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

లారీ బాబాయ్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆయన మీటరు తీసుకుని తానే మళ్ళీ కొలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని నాలుగోసారి చూశాడు. "లారీలో ఒక దీపం కొంచెం మసగ్గా వెలిగితే ఎవడికి కావాలి" అన్నాడు తనలో తాను. తర్వాత జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "కట్టమన్నది నేను. విప్పమంటున్నదీ నేనే. విప్పు. ఈసారి ఎలా కట్టాలో నువ్వు చెప్పు, నేను కడతాను."

ఆ ముసలాయన అంత మాట అంటాడని ఎవరూ అనుకోలేదు. మీటరమ్మ కళ్ళు తడయ్యాయి. మాకు గురుశిష్యుల ముచ్చట్లు చూస్తూ కూర్చునే తీరిక లేదు గనక, "కడదాం పదండి, సోమవారం వచ్చేస్తోంది" అని నేనే తొందరపెట్టాను.

శనివారం పొద్దున మొదలుపెట్టారు. ఒక్కో సెన్సర్ మైనస్‌నీ చట్రం నుంచి విప్పారు. ప్రతి సెన్సర్‌కీ మళ్ళీ జంట తీగ, మెలిపెట్టి, నేరుగా కార్డు దాకా. మోటార్ల మైనస్‌లకి లావుపాటి తీగ వేరే వేసి, చట్రంతో పని లేకుండా కరెంటు పెట్టె దగ్గరికి తీసుకెళ్ళారు. లారీ బాబాయ్ బల్ల కింద పడుకుని బిగిస్తుంటే మీటరమ్మ పక్కన కూర్చుని, "అది కాదు బాబాయ్, ఆ పక్కది" అంటోంది. "సరేనే, సరే, ప్రాణం తీయకు" అంటున్నాడు ఆయన. కార్డుని జంట తీగల పద్ధతికి మార్చడం ఇంజినీరు పని. ఒక్కో గూటికి ఒంటి అంకె కాకుండా, రెండు తీగల మధ్య తేడా మాత్రమే చదవమని చెప్పాలి. అతను ఆ రోజు మడత నలిగిన చొక్కాతో వచ్చాడు. పని అయ్యాక, "అమ్మా, నేను ఒక్కొక్కటే చూశాను. అన్నీ కలిపి నడిపి చూడాలని తోచలేదు" అన్నాడు. "ఇంకెప్పుడూ తోచకపోదులే" అంది ఆవిడ. పోనీలే పాపం అనిపించింది నాకు కూడా, కొంచెం.

పరీక్షకి కొత్త పంపులు వద్దంది మీటరమ్మ. "ఎర్రపెట్టె తీసుకురండి" అంది. పదిహేడు నంబరు చీటీలున్న నలభై ఆరూ బయటికొచ్చాయి. మొదటి ఎనిమిదీ గూళ్ళలో పెట్టారు. శనివారం సగం పూటే పని, అయినా ఒక్కరూ ఇంటికి పోలేదు. ప్యాకింగ్ వాళ్ళు, తీగ చుట్టే వాళ్ళు, క్యాంటీనావిడ, అందరూ బల్ల చుట్టూ చేరారు.

మా ఆయన మాత్రం తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను చూడను. నువ్వు చదువు" అన్నాడు నాతో.

ఎనిమిది పంపులూ ఒకేసారి అందుకున్నాయి. హాలంతా హోరు. నేను తెర ముందు నిలబడ్డాను. ఒకటో గూడు.

"నాలుగు పాయింట్ సున్నా అయిదు! పచ్చ!"

"ఏంటీ?"

"నాలుగు పాయింట్ సున్నా అయిదండీ!"

"మళ్ళీ చెప్పు."

వినపడక కాదు. నాకు తెలుసు, వినపడింది. మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు, ఇంకోసారి చెప్పాను. అయిదోసారికి నా గొంతు బొంగురుపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నాతో కలిసి అరుస్తున్నారు, "నాలుగు పాయింట్ సున్నా అయిదు!" అని. ఎనిమిది గూళ్ళూ పచ్చ. తర్వాతి ఎనిమిదీ పచ్చ. ఒక్కో పచ్చకీ బావగారు బస్సు హారన్‌లా నోటితో కూత పెట్టారు. మేనేజరు కూడా చివరికి తానే పంపులు ఎత్తి గూళ్ళలో పెట్టడం మొదలుపెట్టాడు. చొక్కా తడిసిపోయినా పట్టించుకోలేదు.

నలభై నాలుగు పచ్చ.

రెండు మాత్రం ఎర్రగానే ఉండిపోయాయి. హోరు తగ్గింది. గూళ్ళు మార్చి పెట్టారు, ఎరుపే. మీటరమ్మ మీటరు పెట్టి చూసింది. సెన్సర్ చెప్పేదీ కార్డు చదివేదీ ఒకటే అంకె, మూడు పాయింట్ నాలుగు. "ఇవి నిజంగా ఎరుపే" అంది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు, ఆ రోజైనా, నాకోసమైనా.

"మూడు వారాల్లో రెండు ఎవరికైనా పోతాయి. ఈ రెండూ లెక్కలోకి తీసుకోను" అన్నాడు మేనేజరు తొందరగా.

మా ఆయన వెనక్కి తిరిగాడు. మొదటిసారి తెర వైపు చూశాడు. జేబుల్లోంచి చేతులు తీసి, ఆ రెండు పంపులూ ఎత్తుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. మేమంతా వెనకే వెళ్ళాం. మొదటిది విప్పాడు, పెదవి విరిచి పక్కన పెట్టాడు, అందులో రబ్బరే చీలి ఉంది. రెండోది విప్పాడు. సీలు ఒక పక్కకి ఒరిగి, అంచు మడతపడి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో ఊడదీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చేయి కొంచెం వణుకుతూనే ఉంది. ఆయన మొహం చూస్తే, మా పెద్దాడు పుట్టాడని చెప్పిన రోజు ఎలా ఉందో అలా వెలిగిపోతోంది.

"చూడు వదినా!" అన్నాడు, పగలబడి నవ్వుతూ. "నేను తప్పు చేస్తే ఇలా ఉంటుంది. ఇదీ నా తప్పంటే! రాసుకోండి సార్, పదిహేడు నంబరు, ఒకటి!"